మార్జిన్‌లో మూడు గుర్తులు

గున్‌బోర్గ్ దగ్గర బైబిలు చదవడం నేర్చుకోవాలంటే ముందు పెన్ను జేబులో పెట్టేసి పెన్సిలు అందుకోవాలి. ఆ తర్వాత నోరు అదుపులో పెట్టుకోవాలి. ఈ రెండూ చేతకానివాళ్ళు ఆవిడ గురువారం తరగతికి రెండోసారి వచ్చేవారు కాదు.

ఆవిడ గాజు ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన మనిషి. ప్రతి గ్లాసునీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, లోపల బుడగ ఉందేమో చూసి, ఉంటే పక్కన పడెయ్యడం ఆవిడ ఉద్యోగం. ఫ్యాక్టరీ మూతపడింది, ఊళ్ళో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి, భర్త రాగ్నర్ పోయాడు. ఆ చూపు మాత్రం పోలేదు. కళ్ళారా చూడనిదాన్ని చూశానని ఆవిడ చచ్చినా అనదు. స్వీడన్‌లో మా అడవుల వైపు ఇలాంటి మనుషులు ఇంకా మిగిలే ఉన్నారు. వాళ్ళని గౌరవించడం తేలిక, వాళ్ళతో వేగడం కష్టం.

ఊరి చివర పాత బడిని శరణార్థుల వసతిగా మార్చాక, అక్కడి ఇరానీయులు కొందరు ప్రార్థన మందిరానికి రావడం మొదలుపెట్టారు. చలికి తట్టుకోలేక వచ్చినవాళ్ళున్నారు, గున్‌బోర్గ్ చేసే ఏలకుల బన్నుల కోసం వచ్చినవాళ్ళున్నారు, నిజంగానే దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎందుకొచ్చారో ఆవిడ అడగలేదు. అందరి చేతుల్లోనూ వాళ్ళ భాష బైబిళ్ళు పెట్టి, పెన్సిళ్ళు చెక్కి ఇచ్చింది.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు ఎలా చదవాలో ఆవిడకి తల్లి నేర్పింది. మార్కు సువార్తతో మొదలుపెట్టాలి. అది పొట్టిది, గబగబా నడుస్తుంది. వారానికి ఒక్క అధ్యాయం, ఆపైన ముద్ద మింగినట్టు మింగెయ్యకూడదు. చదువుతూ మార్జిన్‌లో గుర్తులు పెట్టాలి. అర్థమై మనసు వెలిగినచోట కొవ్వొత్తి బొమ్మ, గుండెకి తగిలినచోట బాణం, బోధపడనిచోట ప్రశ్నార్థకం. గురువారం బల్ల చుట్టూ కూచుని ఎవరి గుర్తులు వాళ్ళు చూపించి మాట్లాడాలి. పాస్టరు ప్రసంగం ఉండదు. సరైన జవాబూ ఉండదు.

వాళ్ళ బైబిలు కుడివైపు నుంచి తెరుచుకునేది. అందులో ఒక్క అక్షరం కూడా ఆవిడకి రాదు. పెన్సిలు గుర్తులు మాత్రం బాగా చదవగలదు.

"ఇది బైబిలా, పుట్టినరోజు కేకా?" అంది ఒకరోజు గున్‌బోర్గ్, నాదిర్ పుస్తకం తిరగేసి. నాదిర్ కుర్రవాడేమీ కాదు, టెహ్రాన్‌లో టాక్సీ నడిపిన మనిషి, గడుసువాడు. "వాక్యానికో కొవ్వొత్తి పెట్టావు. ఇంత వెలుగులో నీకు కళ్ళు కనపడుతున్నాయా?"

"అంతా నచ్చింది గున్‌బోర్గ్. నన్నేం చెయ్యమంటావు?"

"చదవమంటాను. ఒక్క ప్రశ్నయినా లేదంటే నువ్వు చదవలేదన్నట్టే."

పక్కన కూచున్న ఫరామర్జ్ తన పుస్తకాన్ని మెల్లగా చేత్తో కప్పుకున్నాడు. అతను అహ్వాజ్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ముప్పై దాటి చాలాకాలమైంది, బక్కపలచగా ఉంటాడు, మర్యాద ఎక్కువ. ఇక్కడ మేం ప్రధానమంత్రిని కూడా నువ్వనే అంటాం. ఫరామర్జ్ మాత్రం గున్‌బోర్గ్ ఎంత తిట్టినా ఆవిడని "మీరు" అనడం మానలేదు, పేరుతో పిలవలేదు. ఖానుమ్ అనేవాడు. వాళ్ళ భాషలో అమ్మగారూ అన్నట్టు.

"చెయ్యి తియ్యి," అంది ఆవిడ.

తీశాడు. పేజీ నిండా ప్రశ్నార్థకాలే. అక్కడక్కడ ఒక బాణం. కొవ్వొత్తి ఒక్కటంటే ఒక్కటి.

"ఫ్రిజ్ తలుపు తెరవకుండా శబ్దం విని ఏం పాడైందో చెప్పేవాణ్ణి ఖానుమ్. ఇది మొత్తం విప్పి చూసినా తెలియట్లేదు," అన్నాడు సిగ్గుపడుతూ. "ఇక్కడ యేసు ఒక మనిషికి పట్టిన దయ్యాల్ని వదిలిస్తే అవి పందుల్లోకి దూరి, పందులన్నీ నీళ్ళలో పడి చచ్చాయి. మంచిదే, ఆ మనిషి బాగుపడ్డాడు. మరి పందులవాడి గతేమిటి? వాడికీ పిల్లలుంటారుగా? ఇంకోచోట, అంజూరపు చెట్టుకి కాయలు లేవని శపించాడు. కాయల కాలం కాదని పక్కనే రాసుంది. మరి చెట్టు తప్పేముంది?"

గున్‌బోర్గ్ మొహం విప్పారింది. ఆ మొహం అలా విప్పారడం రాగ్నర్ పోయాక ఊళ్ళో ఎవరూ చూడలేదు. "చూశారా," అంది అందరివైపు తిరిగి. "ఇతను చదివాడు."

ఆ చలికాలమంతా అతను అలాగే చదివాడు. చివరి అధ్యాయానికి వచ్చిన గురువారం, యేసు సమాధి ఖాళీగా ఉండడం చూసిన ఆడవాళ్ళు భయపడి పారిపోయారని, ఎవరికీ ఏమీ చెప్పలేదని ఉన్నచోట పెన్సిలు నొక్కిపట్టి పెద్ద ప్రశ్నార్థకం గీశాడు.

"నేనూ అంతే ఖానుమ్," అన్నాడు. "నాకీ పుస్తకం మొదట ఇచ్చినవాడు ఒక దర్జీ. అతన్ని పట్టుకుపోయారు. శవాన్ని ఇంటికి పంపారు. నేను భయపడి మా అమ్మకి కూడా చెప్పకుండా పారిపోయి వచ్చాను. ఆ ఆడవాళ్ళు ఎవరికీ చెప్పకపోతే మరి ఈ సంగతి నాదాకా ఎలా వచ్చింది? ఎవరో ఒకరు భయపడుతూనే చెప్పి ఉండాలి. ఎవరది?"

ఆవిడ పొయ్యి మీది రాగి కెటిల్ తెచ్చి అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది. ఆవిడ దగ్గర అంతకు మించిన మెప్పు లేదు.

ఈస్టర్ తర్వాత అతనికి బాప్తిస్మం ఇచ్చారు. మా మందిరంలో వేదిక ముందు చెక్కలు ఎత్తితే కింద తొట్టి ఉంటుంది. పెద్దలు అతన్ని అడిగింది ఒక్కటే, నీకిది ఇష్టమేనా అని. నీ విశ్వాసం నిజమేనా అని ఎవరూ అడగలేదు. మాలో ఆ ప్రశ్న అడగరు. ఇంకొకరి విశ్వాసం గురించి ఒక మనిషి ఇంత ఉంది, అంత లేదని చెప్పడం మా పూర్వీకులు పాపం కింద జమకట్టారు. రాగ్నర్ సమాధి దగ్గర కూడా సంఘపెద్ద, ఇతను దేవుడి చేతుల్లో ఉన్నాడు అన్నాడే తప్ప పరలోకం చేరాడని అనలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన గున్‌బోర్గ్ కూడా అనలేదు. అలా అనకపోవడమే ఆవిడ గర్వం.

బాప్తిస్మం ఫొటోలు ఎవరో ఫోన్లలో పెట్టారు. అవి అహ్వాజ్ దాకా వెళ్ళాయి. ఫరామర్జ్ బావ అక్కడ ప్రభుత్వ సైన్యంలో పనిచేస్తాడు. నువ్వు తిరిగొస్తే మొదట నిన్ను అప్పగించేది నేనే అని కబురు పంపాడు. ఇక అతనికి వెనక్కి దారి లేదు. ఉంటే ఇక్కడే ఉండాలి. ఉండనివ్వాలో వద్దో తేల్చేది ఆశ్రయం కోరినవాళ్ళని విచారించే ఆఫీసు. అతని విశ్వాసం నిజమైనదని ఆ ఆఫీసు నమ్మాలి.

నాదిర్‌కి ముందు పిలుపొచ్చింది. అతను స్టాక్‌హోమ్‌లో ఎవరో తెలిసినవాళ్ళ దగ్గర కూచుని ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టాడు. శిష్యుల పేర్లు, పండగల తేదీలు, ఒక సంఘానికీ ఇంకో సంఘానికీ తేడా ఏమిటి, అన్నీ గడగడా అప్పజెప్పేవాడు. అది విని గున్‌బోర్గ్ మండిపడింది.

"ఇది టీవీలో పోటీ అనుకుంటున్నావా? దేవుడు నిన్ను తేదీలు అడుగుతాడా?"

"దేవుడు అడగడు గున్‌బోర్గ్. ఆఫీసు అడుగుతుంది," అన్నాడు నాదిర్. "మీకిది గురువారం కాలక్షేపం. మాకు మెడ మీద తాడు."

మడత నలగని కొత్త బైబిలు చంకన పెట్టుకుని వెళ్ళాడు. రెండు నెలలు తిరక్కుండానే ఇక్కడ ఉండే అనుమతి వచ్చింది.

ఫరామర్జ్ వంతు వచ్చినప్పుడు అతను రెండు బైబిళ్ళతో గున్‌బోర్గ్ వంటింట్లోకి వచ్చాడు. ఒకటి తనది, మూలలు నలిగి, మార్జిన్లు పెన్సిలు మసితో నల్లబడింది. ఇంకోటి నాదిర్ ఇచ్చింది, తళతళలాడుతోంది.

"ఏది పట్టుకెళ్ళమంటారు?"

"అడగాలా? నీదే పట్టుకెళ్ళు."

"నాదిర్ వద్దన్నాడు. శుభ్రంగా ఉన్నది తీసుకెళ్ళు, వాళ్ళకి గీతలెందుకు చూపిస్తావు అన్నాడు. అతని దగ్గరున్న ప్రశ్నలు కూడా ఇస్తానన్నాడు."

"నాదిర్‌కి సిగ్గు లేదు. నీకుంది. ఒక మనిషి నిజంగా చదివాడని చెప్పడానికి ఆ పుస్తకం కంటే సాక్ష్యం ఏం కావాలి? గుర్తుల గురించి అడిగితే దాచకు. మూడూ విప్పి చెప్పు."

అతను కాసేపు రెండు పుస్తకాలవైపూ చూశాడు. నాదిర్ ఇచ్చినదాన్ని బల్ల మీద వదిలి, తనది కోటులో పెట్టుకున్నాడు. ఆవిడ మాట అతనికి అంత వేదం.

విచారణ రోజు సాయంత్రం బస్సు దిగి నేరుగా ఆవిడ ఇంటికే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"నన్ను విచారించినది చాలా మర్యాదగల అమ్మాయి ఖానుమ్. నాకు కాఫీ ఇచ్చింది. పుస్తకం అడిగి తీసుకుని పేజీ పేజీ చూసింది. ఆమెకీ అక్షరాలు రావు, మీలాగే. ఈ బొమ్మలేమిటి అని అడిగింది. చెప్పాను. ప్రశ్నార్థకం అంటే అర్థం కాలేదనా అంది. అవునన్నాను. పునరుత్థానం దగ్గర, యేసు తిరిగి లేచినచోట కూడా పెట్టావే అంది. అక్కడే అన్నిటికన్నా పెద్దది పెట్టాను అని చూపించాను. కొన్ని పేజీలు కాపీ కూడా తీసుకుంది."

"కాపీ తీసుకుందా?" అంది గున్‌బోర్గ్.

"తీసుకుంది. బాగా నచ్చినట్టుంది."

ఆ పూట ఇద్దరూ బంగాళాదుంపలూ హెర్రింగ్ చేపా సంతోషంగా తిన్నారు. తను చేసిన పని సరైనదని గున్‌బోర్గ్‌కి ఇసుమంత కూడా అనుమానం రాలేదు.

నిర్ణయం ఆకులు రాలే కాలంలో వచ్చింది. లాయరు పెర్నిల్లా దాన్ని మందిరం వంటగదిలో కూచుని చదివి వినిపించింది. ఆమె వయసులో చిన్నదే, కానీ ఇలాంటివి చాలా చదివి గొంతు ఎండిపోయింది.

"'దరఖాస్తుదారు తన సొంత బైబిల్లో మతంలోని ప్రధాన విషయాల పక్కన, పునరుత్థానంతో సహా, ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు. అవి తన సందేహాలేనని స్వయంగా ఒప్పుకున్నాడు. వెలుగు కలిగినట్టు గుర్తుపెట్టుకున్న చోట్లు బహు తక్కువ. అతని విశ్వాసం లోతైనదనీ వ్యక్తిగతమైనదనీ నమ్మడానికి ఆధారం లేదు.'"

చదవడం ఆపింది. పొయ్యి మీద కాఫీ పొంగుతున్నా ఎవరూ లేవలేదు.

"సందేహాలు అని నేను అనలేదు," అన్నాడు ఫరామర్జ్ నెమ్మదిగా. "అర్థం కాలేదు అన్నాను."

"వాళ్ళకి రెండూ ఒకటే," అంది పెర్నిల్లా. గున్‌బోర్గ్ వైపు తిరిగింది. "ఆ పుస్తకం పట్టుకెళ్ళమని ఎవరు చెప్పారు?"

"నేనే," అంది గున్‌బోర్గ్. ఆవిడ చేతులు ఒడిలో ఉన్నాయి.

"అయితే కోర్టులో నువ్వే చెప్పాలి. పై కోర్టుకి వెళ్దాం, నిన్ను సాక్షిగా పిలుస్తాను. గుర్తుల సంగతి వివరించు, మంచిదే. కానీ వాళ్ళకి కావలసింది ఒకే ఒక్క మాట. ఇతను నిజమైన క్రైస్తవుడని నాకు నమ్మకం ఉంది. ఇంతే. ముందూ వెనకా ఏమీ కలపకు. చెప్పగలవా?"

"చెప్తాను," అంది గున్‌బోర్గ్.

చెప్పాలనే వెళ్ళింది. ఆ మాటలో అనుమానం వద్దు. పెద్ద ఊరికి రైల్లో వెళ్తూ, కిటికీలోంచి మంచు పట్టిన అడవి చూస్తూ, పెదాలు కదుపుతూ ఆ వాక్యాన్ని బడిపిల్లలా వల్లించుకుంది. ఎదురుగా ఫరామర్జ్ కూచున్నాడు. నాదిర్ కూడా తోడు వచ్చాడు. ఆవిడ పెదాలు చూసి నాదిర్ నవ్వాడు.

"ఇప్పుడు నువ్వు బట్టీ పడుతున్నావా గున్‌బోర్గ్?"

ఆవిడ కూడా నవ్వేసింది. ఇంతకాలంలో వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి.

కోర్టు హాలు చిన్నది, బడి గదిలా ఉంది. ఒక జడ్జి, పక్కన ముగ్గురు మామూలు మనుషులు, ఊళ్ళ నుంచి ఎంపికైనవాళ్ళు. తన గౌరవం మీద, మనస్సాక్షి మీద ఒట్టు వేసి, తెలిసినదంతా చెప్తానని, ఏదీ కలపనని, మార్చనని గున్‌బోర్గ్ నిలబడి పలికింది. పలుకుతున్నప్పుడే ఆవిడ వెన్ను నిటారైంది. పెర్నిల్లా అది గమనించి పెన్ను కింద పెట్టింది.

గుర్తుల సంగతి బాగా చెప్పింది. ప్రశ్నార్థకం పెట్టేవాడే లోతుగా చదివినవాడని, పందుల గురించి, అంజూరపు చెట్టు గురించి, పారిపోయిన ఆడవాళ్ళ గురించి అతనన్న మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది. జడ్జి పక్కనున్న ఒక పెద్దాయన ముందుకు వంగి విన్నాడు. గదిలో గాలి కాస్త మారింది. ఫరామర్జ్ తలెత్తాడు.

ఆ పెద్దాయనే దయగా అడిగాడు. సాయం చెయ్యాలనే అడిగాడని నా నమ్మకం.

"అయితే గున్‌బోర్గ్, నీకు అతను బాగా తెలుసు. అతని విశ్వాసం నిజమైనదేనా?"

ఆవిడ నోరు తెరిచింది. వాక్యం నాలుక మీదే ఉంది. చేతులు మాత్రం అలవాటు కొద్దీ, కనిపించని గ్లాసు పట్టుకున్నట్టు కొంచెం పైకి లేచాయి.

"అది నాకెలా తెలుస్తుంది?" అంది.

పెర్నిల్లా కళ్ళు మూసుకుంది.

"ఇంకొకరి గుండెలో ఏముందో మా మందిరంలో ఎవరూ చెప్పరు," అంది గున్‌బోర్గ్. "నా భర్త గురించి కూడా నేను చెప్పలేదు. అది దేవుడు చూస్తాడు. నేను చూసింది అతను చదవడం. అది చెప్పాను."

పెర్నిల్లా లేచి నిలబడింది. "పోనీ నీ అభిప్రాయం చెప్పు. తెలుసా అని కాదు. నువ్వేమనుకుంటున్నావు?"

"ఆశ పడుతున్నాను," అంది గున్‌బోర్గ్. మాలో ఒక మనిషి గురించి అనగలిగిన అతి పెద్ద మాట అది. రాగ్నర్ గురించి కూడా ఆవిడ అదే అంది. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. జడ్జి రాసుకున్నాడు. ఆఫీసు తరఫున వచ్చిన మనిషి తనకింక ప్రశ్నలేమీ లేవన్నాడు.

బయట వరండాలో ఫరామర్జ్ ఆవిడ కోటు పట్టుకుని నిలబడ్డాడు, చేతులు దూర్చుకోవడానికి వీలుగా. మాట అన్నది నాదిర్.

"నీ నిజం నీకు మిగిలింది గున్‌బోర్గ్. చాలా శుభ్రంగా మిగిలింది. వీడికేం మిగిలిందో చెప్పు."

"నాదిర్, ఊరుకో," అన్నాడు ఫరామర్జ్. "ఖానుమ్ అలసిపోయారు."

తీర్పులో ఆవిడ పేరుంది. అతనికి అత్యంత సన్నిహితంగా ఉండి బోధించిన సాక్షి సైతం అతని విశ్వాసం నిజమైనదని చెప్పలేకపోయింది అని రాశారు. పై అప్పీలుని విచారణకే తీసుకోలేదు. ఒక ఉదయం పోలీసులు పాత బడికి వచ్చి ఫరామర్జ్‌ని విమానాశ్రయం దగ్గరున్న నిర్బంధ కేంద్రానికి తీసుకెళ్ళారు.

గున్‌బోర్గ్ చెయ్యగలిగిందంతా చేసింది. పాస్టరుని పట్టుకుంది, పేపరువాళ్ళకి ఫోన్ చేసింది, జడ్జికి రాసింది. నేను తప్పు చెప్పాను, అతను విశ్వాసి, నాకు తెలుసు, మళ్ళీ పిలవండి అని రాసింది. సాక్షి తర్వాత మాట మార్చడం కేసును మార్చదని ఎవరో మర్యాదగా జవాబిచ్చారు. గురువారాలు తరగతికి అందరూ రావడం మానేశారు. వచ్చినా ఆవిడ తలుపు తీసేది కాదేమో.

విమానం ఎక్కించే రోజు పొద్దున ఫరామర్జ్ ఫోన్ చేశాడు. వెనక తలుపుల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం వినిపిస్తున్నాయి. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. మోకాలి నొప్పి తగ్గిందా అన్నాడు. బయట మంచు పడుతోందా, నడకదారిలో ఇసుక చల్లించుకున్నారా అన్నాడు. ఆవిడ అన్నిటికీ ముక్తసరిగా ఊఁ కొట్టింది.

"ఒక్కటి అడగనా ఖానుమ్?"

"అడుగు."

"నేను నిజంగా నమ్మానని మీరనుకుంటున్నారా?"

"అవును," అంది గున్‌బోర్గ్. క్షణం కూడా ఆలోచించలేదు. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో విని ఆవిడకే ఒళ్ళు చల్లబడింది.

ఆవిడ ఫోన్ చెవికి ఇంకాస్త నొక్కిపట్టుకుంది.

"ఎప్పటి నుంచి?" అన్నాడు.

"పందులవాడి గురించి అడిగావు చూడు. ఆ రోజు నుంచి."

"అంటే కోర్టుకి వెళ్ళకముందే."

"అవును."

"సరే," అన్నాడు ఫరామర్జ్. వెనక నుంచి ఒక మగగొంతు అతని పేరు తప్పుగా పలికి, టైమయింది అంది. "మా మర్యాద ప్రకారం ఇప్పుడు నేను, నాకది చాలు ఖానుమ్ అనాలి. దారి పొడుగునా తలుచుకుంటాను అనాలి. అందామనే ఫోన్ చేశాను."

గున్‌బోర్గ్ రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది.

"చాలదు ఖానుమ్," అన్నాడు, ఫోన్ పెట్టేశాడు.